రంగు వస్తే హీమాంకస్ ఉన్నట్టేనా? – ఒక విమర్శనాత్మక పరిశీలన

గత భాగంలో మీరు గొర్రెలు, మేకల్లోని నట్టలను ఎలైసా పరీక్షతో గుర్తించే పద్ధతిని చదివారు. హీమాంకస్ నట్టలను నూరి తీసిన ముడి ప్రతిజనకాన్ని ప్లేటుకు పట్టించి, దానిపై జీవం సీరం వేస్తాం. మిగతా దశలు పూర్తయ్యాక రంగు వస్తే ‘హీమాంకస్ పాజిటివ్’ అని రాస్తాం. ఈ తీర్పు ఎంతవరకు నిలుస్తుందో ఇప్పుడు పరిశీలిద్దాం.

ముందు నా పొరపాటు చెబుతాను. ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాల్లో ఒక మంద సీరం నమూనాలను ఇలాగే పరీక్షించి, హీమాంకస్ అని నివేదిక ఇచ్చాను. దాన్ని నమ్మి ఆ కాపరి క్లోసాంటెల్ తాగించాడు. పారుడు తగ్గలేదు. చనిపోయిన పిల్లను కోసి చూస్తే నాలుగో పొట్టలో హీమాంకస్ లేదు. చిన్నపేగును కడిగి సూక్ష్మదర్శినిలో చూస్తే వెంట్రుకల్లాంటి ట్రైకోస్ట్రాంజైలస్ నట్టలు కనిపించాయి. క్లోసాంటెల్ రక్తం తాగే నట్టలపై పనిచేస్తుంది. ట్రైకోస్ట్రాంజైలస్ రక్తం తాగదు. పాలిపోయిన కనురెప్పలు, దవడ కింద నీరు హీమాంకస్ లక్షణాలు. ఆ మందలో ఉన్నది పారుడు. కళ్లెదుట ఉన్న లక్షణాన్ని వదిలి ప్లేటులోని రంగును నమ్మాను.

తప్పు ఎక్కడ జరిగింది? ఈ రెండు నట్టలూ దగ్గరి బంధువులు. వాటి ప్రోటీన్లలో పోలికలున్నాయి. ఫాస్ఫోరిల్‌కోలిన్ వంటి అణుభాగాలు అనేక గుండ్రటి పురుగుల్లో ఉంటాయి. అందువల్ల ఒక నట్టపై తయారైన ప్రతిరక్షకం మరో నట్ట ప్రతిజనకానికీ అతుక్కుంటుంది. దీన్నే పరస్పర ప్రతిచర్య అంటాం. పైగా మందుతో నట్టలు పోయిన తరువాత కూడా ప్రతిరక్షకాలు కొంతకాలం రక్తంలో ఉంటాయి. కాబట్టి రంగు చెప్పేది ‘ఇలాంటి నట్టలు ఈ జీవానికి ఎప్పుడో తగిలాయి’ అని మాత్రమే.

రెండో అపోహ మరింత లోతైనది: ప్రతిరక్షకం రెండు నట్టలనూ గుర్తిస్తే ఒకే టీకా రెండింటినీ ఆపుతుందన్న ఆశ. 2014లో ఆస్ట్రేలియాలో విడుదలైన బార్బర్‌వ్యాక్స్ టీకాను చూడండి. హీమాంకస్ పేగు గోడ నుంచి తీసిన ప్రోటీన్లతో దాన్ని తయారుచేస్తారు. టీకా వేసిన గొర్రె రక్తాన్ని నట్ట తాగినప్పుడు ప్రతిరక్షకాలు దాని పేగులోకి చేరి పనిచేస్తాయి. రక్తం తాగని ట్రైకోస్ట్రాంజైలస్ పేగులోకి అవి ఆ దారిలో చేరవు. అందుకే ఆ టీకా హీమాంకస్‌కే పరిమితం. గుర్తించడం వేరు, రక్షించడం వేరు.

అలాగని ఎలైసాను తోసిపుచ్చనక్కరలేదు. హీమాంకస్ లోపలికి చేరాక సుమారు మూడు వారాల వరకు పేడలో గుడ్లు కనిపించవు. అప్పుడు సీరం పరీక్ష ముందస్తు సూచన ఇవ్వగలదు. మందకు నట్టల తాకిడి ఎంత ఉందో అంచనా వేయడానికీ పనికొస్తుంది. అయితే నట్ట పేరు తేల్చే బాధ్యత దానిపై పెట్టకూడదు. పేడలోని గుడ్లు కూడా ఒకేలా ఉంటాయి కనుక, పేడను సుమారు వారం రోజులు వెచ్చగా ఉంచి లార్వాలను పెంచి చూడాలి. చనిపోయిన జీవం దొరికితే కోసి చూడాలి.

2019 పశుగణనలో గొర్రెల సంఖ్యలో తెలంగాణ మొదటి స్థానంలో, ఆంధ్రప్రదేశ్ రెండో స్థానంలో ఉన్నాయి. రేపు మీరు రాసే నివేదికను నమ్మి ఇక్కడి కాపరి డబ్బు పెట్టి మందు కొంటాడు. అందుకే సంతకం చేసేముందు మూడు ప్రశ్నలు వేసుకోండి: ఈ ప్రతిజనకాన్ని ఇతర నట్టలున్న జీవాల సీరంతో పరీక్షించారా? మందలో కనిపించే లక్షణాలు ఈ ఫలితంతో కలుస్తున్నాయా? నట్టను గానీ, దాని లార్వాను గానీ ఎవరైనా కళ్లతో చూశారా? మూడింటికీ జవాబు ‘లేదు’ అయితే నివేదికలో నట్ట పేరు రాయకండి.