‘రాక్షసబల్లి’ అనే మాట, ప్రాణహిత లోయ జీవులు: ఒక పారిభాషిక విమర్శ

కీలకపదాలు: శిలాజం, రాక్షసబల్లి, గ్రామనామాలు, ప్రాణహిత–గోదావరి లోయ, పారిభాషిక పదాలు

నస్పూర్ ప్రాంతంలో భూగర్భం గురించిన మాట బొగ్గుబాయితో మొదలై బొగ్గుబాయితోనే ముగుస్తుంది. శ్రీరాంపూర్ గనులను ఆనుకొని ఉన్న ఊరు కనుక అది సహజమే. అయితే ఇక్కడి నుండి ఈశాన్యంగా ప్రాణహిత వైపు వెళ్తుంటే బొగ్గుపొరల కంటే తరువాతి కాలపు శిలలు క్రమంగా నేలపైకి వస్తాయి. భూవిజ్ఞానులు వాటికి ఎర్రపల్లి, భీమారం, మలేరి, ధర్మారం, కోట అని పేర్లు పెట్టారు. ఇవన్నీ గ్రామనామాలే. ఎర్రపల్లి శిలలకు, కోట శిలలకు మధ్య దాదాపు ఐదారు కోట్ల సంవత్సరాల అంతరం ఉంది. ఆ కాలమంతటా ఇక్కడ బతికిన వెన్నెముక గల జీవుల ఎముకలు ఈ పొరల్లో దొరికాయి. వాటి గురించి తెలుగులో రాసేటప్పుడు మాత్రం మనకు ఒకే మాట అందుబాటులో ఉన్నట్లు వ్యవహరిస్తున్నాం. ఆ మాట ‘రాక్షసబల్లి’. ఈ మాట చెడ్డదని నా వాదన కాదు. దాని పరిధి అదుపు తప్పిందని, దానివల్ల ఈ ప్రాంతపు జీవచరిత్ర మన భాషలో చదునైపోయిందని నా అభిప్రాయం.

‘రాక్షస’ పదం వెనుక

1842లో రిచర్డ్ ఓవెన్ గ్రీకు పదాలతో ‘డైనోసారియా’ అనే పేరు కల్పించాడు. మొదటి పదానికి భయంకరమైన, మహత్తరమైన అనే అర్థం, రెండవదానికి బల్లి అనే అర్థం. ‘రాక్షసబల్లి’ దీనికి అనువాదమని సులభంగా చెప్పవచ్చు. కాని తెలుగులో ‘రాక్షస’ అనే విశేషణానికి అంతకు ముందే ఒక సంప్రదాయం ఉంది. బృహత్ శిలాయుగపు సమాధులను మన పల్లెలలో రాక్షసగుళ్ళు అంటారు. గనుల నుండి తీసే బొగ్గు రాక్షసిబొగ్గు. కట్టె కాల్చి చేసుకొన్న బొగ్గు నుండి దానిని వేరు చేయడానికి ఆ మాట పుట్టింది. ఈ రెండింటిలోనూ ‘రాక్షస’ అంటే క్రూరమైనది అని కాదు, మన చేతికి, మన కాలానికి అందనిది అని. ఆ దృష్టితో చూస్తే రాక్షసబల్లి అనువాదం మాత్రమే కాదు, తెలుగువారి ఊహలో ముందే ఉన్న వరుసలో చేరిన మూడవ మాట. విభక్తి చేరని సంస్కృత ప్రాతిపదికకు దేశ్యపదం తగిలించినందువల్ల సంప్రదాయ వ్యాకరణం దీనిని వైరిసమాసం అంటుంది. ఆ దోషం నన్ను పెద్దగా బాధించదు. బల్లిశాస్త్రంలోని బల్లితో ఈ జంతువులకు బంధుత్వం లేకపోవడం కూడ అంత పెద్ద ఇబ్బంది కాదు.

దీనితో పోలిస్తే ‘శిలాజం’ అనే పదమే ఎక్కువ తికమక పెడుతుంది. శిల నుండి పుట్టినది శిలాజం. జరిగింది అందుకు విలోమం. బతికిన జీవి ఎముక మట్టిలో కప్పబడి, ఖనిజాలు నిండి, శిల అయింది. ఈ మాట స్థిరపడిపోయింది కనుక మార్చమనడం లేదు. తరగతిలో విగ్రహవాక్యం చెప్పించేటప్పుడు ఈ వైరుద్ధ్యాన్ని చూపితే చాలు.

ఒకే మాట మింగేసిన భేదాలు

అసలు నష్టం వాడుకలో ఉంది. పేరు చివర ‘సారస్’ కనిపిస్తే చాలు, రాక్షసబల్లి అని అనువదించే అలవాటు మనకు ఉంది. మంచిర్యాల నుండి కాగజ్‌నగర్ వైపు రైలులో వెళ్ళేవారికి రేచిని రోడ్డు స్టేషన్ పరిచితమే. ఆ రేచిని పేరు మోసే జీవి రేచినిసారస్. దీనికి 1970లో తపన్ రాయ్‌చౌధురి నామకరణం చేశారు. ఎర్రపల్లి శిలల్లో దొరికిన ఈ జీవి రాక్షసబల్లి కాదు, బల్లుల కంటే క్షీరదాల వంశానికి దగ్గరిది. అదే సంవత్సరం అదే శిలల నుండి పేరు పొందిన వాడియాసారస్ కూడ ఆ కోవలోదే.

మలేరి ఉదాహరణ మరింత స్పష్టమైనది. 1980లో శంకర్ ఛటర్జీ మలేరిసారస్‌ను వర్ణించారు. మొసలిని పోలిన పరాసుకస్ అనే జంతువు అస్థిపంజరాల కడుపుభాగంలో ఈ జీవి ఎముకలు లభించాయి. అంటే తిన్నదీ, తినబడినదీ ఒకే చోట శిలలయ్యాయి. ఇంత అరుదైన దృశ్యాన్ని మన అలవాటు ప్రకారం రాస్తే ‘ఒక రాక్షసబల్లి మరొక రాక్షసబల్లిని తిన్నది’ అని తేలుతుంది. ఆ రెండింటిలో ఒక్కటి కూడ రాక్షసబల్లి కాదు! కోట శిలల్లో దొరికిన చిన్న క్షీరదం కొటాథీరియంకు ఈ వాక్యనిర్మాణంలో అసలు చోటే లేదు.

రాక్షసబల్లులు ఇక్కడ లేవని కాదు. 1988లో పి. యాదగిరి నామకరణం చేసిన కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్ నిజంగానే ఆ వర్గానిది. శాకాహారి. దాని అస్థిపంజరం హైదరాబాదు బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబడి ఉంది. 1975లో పేరు పొందిన బరపాసారస్ టాగోరై అస్థిపంజరం కలకత్తాలోని భారత గణాంక సంస్థలో ఉంది. ‘బర పా’ అంటే పెద్ద కాలు. జాతినామం రవీంద్రనాథ్ టాగూర్ శతజయంతికి గుర్తు. దాని ఎముకలు దొరికింది పోచంపల్లి దగ్గర. చేనేత పోచంపల్లి కాదు, గోదావరి లోయలోని మరొక పోచంపల్లి. ఈ రెండింటినీ కలిపేసిన విద్యార్థి జవాబుపత్రాలు నేను దిద్దాను.

లాటిన్‌లోకి వెళ్ళిన తెలుగు

ఈ శాస్త్రీయనామాలను భాషాదృష్టితో పరిశీలించిన రచనలు అరుదు. ‘యామన్‌పల్లియెన్సిస్’లోని ‘ఎన్సిస్’ ప్రత్యయం స్థలసంబంధాన్ని చెబుతుంది. ‘యామన్‌పల్లికి చెందిన’ అని దాని అర్థం. తెలుగులో ఈ పనికి ఔపవిభక్తిక రూపం ఉంది, తద్ధితం ఉంది. కనుక తెలుగు రచనలో శాస్త్రీయనామాన్ని ఒకసారి పూర్తిగా ఇచ్చి, తరువాత ‘యామన్‌పల్లి కోటసారస్’ అనడానికి అడ్డేమీ లేదు. ఇక ‘కోటాసారస్’ అనే దీర్ఘరూపం రోమన్ లిపి గుండా వచ్చిన పొరపాటు. ఆ ఊరు ప్రాణహిత ఒడ్డున సిరొంచ సమీపంలో ఉన్న కోట, రాజస్థాన్‌లోని కోటా కాదు. ఊరి పేరు మన లిపిలోనే ఉండగా దానిని ఇంగ్లీషు చూసి రాయడం ఎందుకు?

గ్రామనామాలే కాక తెలుగు సామాన్యపదాలు కూడ ఈ నామావళిలో చేరాయి. ఎర్రపల్లి శిలల్లో దొరికిన ఒక మాంసాహారికి ఇటీవల ‘భారీతలసుకస్ తపని’ అని పేరు పెట్టారు. పెద్ద తల గల మొసలి అని దాని భావం. ‘సుకస్’ మొసలి దేవత పేరు, ‘తపని’ తపన్ రాయ్‌చౌధురి స్మృతి. ‘భారీ’, ‘తల’ తెలుగు నుండే తీసుకున్నామని నామకర్తలు చెప్పారు. ‘భారీ’ మనకు హిందీ మీదుగా వచ్చిన మాట, ‘తల’ అచ్చతెలుగు. పండితుడు పెట్టి ఉంటే ‘బృహచ్ఛిర’ అని ఉండేది. మన పారిభాషిక నిఘంటుకర్తలు సంకోచించే మిశ్రమాన్ని, రోజూ బజారులో వినిపించే ‘భారీ’ని, శాస్త్రవేత్తలు జంకు లేకుండా లాటిన్‌లోకి తీసుకొనిపోయారు. ఈ జీవి కూడ రాక్షసబల్లి వర్గంలో చేరదు. దానిని తెలుగులో ఏమని పిలవాలన్న ప్రశ్నకు నాకు తోచే సమాధానం ఒకటే: ‘భారీతల’. లాటిన్ తోక తీసేస్తే మిగిలేది మన మాటే.