మాట లేని ఆ అర నిమిషం

కంప్యూటర్‌లో ఉన్న విండోస్‌ను అలాగే ఉంచి, అదే డిస్కులో మరో చోట లినక్స్ ఎక్కించుకోవడాన్ని డ్యూయల్ బూట్ అంటారు. చూపున్నవాళ్లకు అది ఒక సాయంత్రం పని. చూపులేనివాళ్లకూ ఒక సాయంత్రం పనే, మధ్యలో వచ్చే నిశ్శబ్దాన్ని దాటగలిగితే. తెర మీది అక్షరాలను చదివి వినిపించే స్క్రీన్ రీడర్ కూడా ఒక ప్రోగ్రామే. ఆపరేటింగ్ సిస్టమ్ లేచేదాకా అది లేవదు. పవర్ బటన్ నొక్కినప్పటి నుంచి మొదటి మాట వినపడేదాకా తెర ఏవేవో అడుగుతుంది, ఏవేవో చెబుతుంది. చెవికి మాత్రం ఏదీ అందదు. ఆ నిశ్శబ్దాన్ని వీలైనంత తగ్గించుకోవడం, తగ్గని భాగాన్ని లెక్కతో దాటడం, ఈ రెండూ వస్తే మిగతా పనంతా వచ్చినట్టే.

ఇక్కడ ఒక మాట. చాలామంది ఈ పనిని కంప్యూటర్ షాపుకు అప్పగిస్తారు. డిస్కును ఎలా విభజించాలి, పాస్‌వర్డ్ ఏం పెట్టాలి, ఏం ఉంచాలి, ఏం తుడిచెయ్యాలి అన్నవన్నీ అప్పుడు ఇంకొకరి చేతిలోకి పోతాయి. సొంత యంత్రంలో ఏముందో సొంతదారుకే తెలియకపోవడం చిన్న నష్టం కాదు. ఇది ఎవరి మటుకు వారే నేర్చుకోవాల్సిన పని అనడానికి ఆ ఒక్క కారణం చాలు.

ఈ దారి వేసినవాళ్లలో చూపులేనివాళ్లూ ఉన్నారు. పుణెలో పెరిగి, ఐఐటీ బొంబాయిలో చదివి, 1994లో కార్నెల్‌లో డాక్టరేట్ తీసుకున్న టి.వి. రామన్ 1995లో ఈమాక్స్ ఎడిటర్‌కు మాట నేర్పిన ఈమాక్‌స్పీక్‌ను విడుదల చేశారు. విండోస్‌లో ఉచితంగా దొరికే ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్‌ను 2006లో ఆస్ట్రేలియాలో మైఖేల్ కరన్ మొదలుపెట్టారు. ఇద్దరూ చూపులేనివారే. లినక్స్ డెస్క్‌టాప్‌ను చదివే ఓర్కా సన్ మైక్రోసిస్టమ్స్‌లో పుట్టి, తర్వాత జోన్‌మరీ డిగ్స్ చేతుల్లో పెరిగింది. అక్షరాలు మాత్రమే ఉండే తెరను చదివే స్పీకప్ అయితే లినక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్‌లోనే భాగం. ఏళ్ల తరబడి పక్క వాకిట్లో ఉండి, 2020లో అసలు ఇంట్లోకి వచ్చింది. కెర్నెల్‌లోనే ఉండటం వల్ల అది డెస్క్‌టాప్ కోసం ఎదురు చూడదు, ఇన్‌స్టాల్ మొదలవగానే మాట్లాడగలదు.

లినక్స్‌లో చాలా రకాలున్నాయి. మొదటి ప్రయత్నానికి వాటిలో డెబియన్ మేలు. ఉబుంటు అనే మరో రకం పెన్‌డ్రైవ్ నుంచే పూర్తి డెస్క్‌టాప్‌ను లేపుతుంది. అప్పుడు ఆల్ట్, సూపర్, ఎస్ మీటలు కలిపి నొక్కితే ఓర్కా పలుకుతుంది. అదీ మంచి పద్ధతే. కానీ డెస్క్‌టాప్ లేచిందో లేదో ముందు తెలియాలి, ఆ మీటలు సరైన సమయంలో నొక్కాలి. డెబియన్ ఇన్‌స్టాలర్ మెనూలో ఎస్ నొక్కి ఎంటర్ కొడితే మాట్లాడే ఇన్‌స్టాలర్ మొదలవుతుంది. ఏమీ నొక్కకుండా ఊరుకున్నా ముప్పై సెకన్ల తర్వాత అదే మొదలవుతుంది. చూసేవాళ్లు ఎలాగూ మెనూలో తమకు కావలసింది ఎంచుకుంటారు, చూడలేనివాళ్లకు ఎదురుచూపే మీట కావాలి అని ఎవరో ఆలోచించి పెట్టిన ఏర్పాటు అది. ఇంత ఆలోచన ఉన్న ఇన్‌స్టాలర్లు తక్కువ. బ్రెయిలీ డిస్‌ప్లే ఉన్నవాళ్లు దాన్ని యూఎస్‌బీకి తగిలించి మొదలుపెడితే చాలు, బీఆర్ఎల్‌టీటీవై అనే ప్రోగ్రామ్ దాన్ని గుర్తు పడుతుంది.

అసలు పనిలో సగం విండోస్‌లో, ఎన్‌వీడీఏ మాట్లాడుతుండగానే పూర్తి చేసుకోవాలి. ముందు ఫైళ్లన్నీ వేరే డిస్కులోకి కాపీ చేయాలి. తర్వాత డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ సంగతి చూడాలి. చాలా కొత్త ల్యాప్‌టాప్‌లలో అది అడగకుండానే ఆన్ అయి ఉంటుంది. బూట్ వరస మారినప్పుడు ఒక్కోసారి 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది, అడిగేది మాట లేని తెర మీద. అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచిన కమాండ్ ప్రాంప్ట్‌లో మేనేజ్-బీడీఈ అనే ఆదేశంతో ఆ కీని రాబట్టి ఫోన్‌లోనో బ్రెయిలీ కాగితం మీదో ముందే దాచుకోవాలి. అక్కడే పవర్‌సీఎఫ్‌జీ ఆదేశంతో హైబర్నేషన్ ఆపేస్తే ఫాస్ట్ స్టార్టప్ కూడా ఆగిపోతుంది. లేకుంటే విండోస్ సగం నిద్రలో ఉండగా లినక్స్ దాని పార్టిషన్‌ను తాకే ప్రమాదం ఉంది.

లినక్స్ కోసం ఖాళీ చోటు చేయడానికి డిస్క్ మేనేజ్‌మెంట్ బొమ్మల కిటికీ కంటే కమాండ్ ప్రాంప్ట్‌లోని డిస్క్‌పార్ట్ సుఖం. ప్రశ్న ఒక వరస, జవాబు ఒక వరస, అన్నీ అక్షరాలే. లిస్ట్ వాల్యూమ్ అని కొడితే వాల్యూమ్‌ల పట్టిక వస్తుంది. విండోస్ ఉన్నదాన్ని ఎంచుకుని ష్రింక్ క్వెరీమాక్స్ అంటే ఎంతవరకు తగ్గించవచ్చో చెబుతుంది. ష్రింక్ డిజైర్డ్=51200 అంటే 51,200 ఎంబీ, అంటే 50 జీబీ ఖాళీ చేసి, ఆ మాట చెప్పి ఊరుకుంటుంది. ఆ ఖాళీని ఖాళీగానే వదిలేయాలి, ఫార్మాట్ చేయకూడదు.

ఇక్కడ చెవితో పనిచేసేవాళ్లను కంగారు పెట్టే విషయం ఒకటుంది. డిస్క్‌పార్ట్‌లో 50 జీబీ అని విన్న ఖాళీ చోటు, డెబియన్ ఇన్‌స్టాలర్‌లోకి వెళ్లేసరికి 53.7 జీబీ అని వినిపిస్తుంది. 476 జీబీ అని విన్న డిస్కు 512 జీబీ అవుతుంది. డిస్కు మారలేదు, లెక్క మారింది. విండోస్ 1024 చొప్పున లెక్కిస్తుంది, డెబియన్ ఇన్‌స్టాలర్ 1000 చొప్పున. తెర చూసేవారికి అంకె కొంచెం తేడాగా ఉన్నా అటూ ఇటూ చూసి సరిపోల్చుకునే వీలుంటుంది. వినేవారికి ఆ అంకె ఒక్కటే ఆనవాలు. అది మారితే తప్పు డిస్కు మీద చెయ్యి పడిందేమోనని గుండె జారుతుంది. రెండు లెక్కల అంకెలూ ముందే రాసి పెట్టుకుంటే ఆ భయం ఉండదు.

డెబియన్ ఇన్‌స్టాలర్‌ను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించడానికి రూఫస్ చాలు, అది స్క్రీన్ రీడర్‌తో బాగానే నడుస్తుంది. ఒకే పెన్‌డ్రైవ్‌లో పది సిస్టమ్‌లు పెట్టుకునే వెంటాయ్ మంచి పనిముట్టే అయినా ఈ పనికి వద్దు. అది మధ్యలో ఇంకో మాట లేని మెనూ పెడుతుంది. డెబియన్ 12, అంటే 2023 నుంచి వైఫైకి, సౌండ్‌కు కావలసిన ఫర్మ్‌వేర్ అధికారిక ఇమేజ్‌లోనే వస్తోంది. అంతకుముందు కొన్ని ల్యాప్‌టాప్‌లలో గొంతు రాకపోవడానికి ఆ లోటే కారణం. డెబియన్ 10 నుంచి సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉన్నా ఇన్‌స్టాల్ అవుతుంది కాబట్టి దాన్ని ఆపడానికి బయోస్‌లోకి వెళ్లే పని తప్పింది. బయోస్ తెర చదివే స్క్రీన్ రీడర్ లేదు. అక్కడికి వెళ్లనవసరం లేకుండా చేసిన ప్రతి మార్పూ చూపులేనివాళ్లకు పెద్ద మేలు.

ఇప్పుడు నిశ్శబ్దం. పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేయాలంటే రెండు దారులు. ఒకటి, పవర్ నొక్కగానే బూట్ మెనూ మీటను వెంటవెంటనే కొట్టడం. డెల్, లెనోవో యంత్రాల్లో ఎక్కువగా ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9, ఆసుస్‌లో ఎస్కేప్. ఆ మెనూలో పెన్‌డ్రైవ్ ఎన్నో వరసలో ఉందో ఒకసారి తెలుసుకుంటే, ఆ తర్వాత కింది బాణం ఎన్నిసార్లు నొక్కాలో లెక్క గుర్తుంటుంది. రెండోది, విండోస్‌లో షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ నొక్కడం. అప్పుడు వచ్చే మెనూలో యూజ్ ఎ డివైస్ అనే చోట పెన్‌డ్రైవ్ ఉంటుంది. ఏ దారైనా మొదటిసారి ఫోన్ సాయం తీసుకోవడమే మంచిది. సీయింగ్ ఏఐ, లుకౌట్ లాంటి యాప్‌లు తెర మీది అక్షరాలను చదువుతాయి. బీ మై ఐస్‌లో వీడియో కాల్ చేస్తే చూపున్న వాలంటీరు ఎవరో ఒకరు చదివి చెబుతారు.

మెనూ రాగానే డెబియన్ బీప్ కొడుతుంది. కానీ కొత్త ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి పాత పద్ధతి చిన్న స్పీకర్ లేదు కాబట్టి బీప్ వినపడకపోవచ్చు. ఆ అర నిమిషమే అన్నిటికంటే కష్టం. చెయ్యి ఊరుకోదు, ఏదో ఒక మీట నొక్కాలనిపిస్తుంది. ఎస్ కాకుండా ఇంకేది నొక్కినా టైమర్ ఆగిపోతుంది, ఇక మాట రాదు. చేతులు ఒళ్లో పెట్టుకుని, ఇన్‌స్టాలర్ లోడ్ కావడానికి ఇంకో నిమిషం కలుపుకుని, ఓపిగ్గా కూర్చోవాలి.

అప్పుడు ఇన్‌స్టాలర్ వాడే ఈస్పీక్ గొంతు వస్తుంది. మెషిన్ గొంతే, గరుకుగా ఉంటుంది, అయినా ఆ నిమిషాన అంతకంటే తీపి గొంతు ఇంకొకటి ఉండదు. యంత్రంలో ఒకటికి మించి సౌండ్ కార్డులుంటే ఒక్కోదానిలో వంతుల వారీగా పలుకుతుంది, వినపడ్డప్పుడు ఎంటర్ కొట్టమంటుంది. హెచ్‌డీఎంఐ కూడా ఒక కార్డే కాబట్టి మొదటి వంతు వినపడకపోయినా బెంగపడనక్కర్లేదు. చవకగా దొరికే యూఎస్‌బీ సౌండ్ కార్డు ఒకటి దగ్గర పెట్టుకుంటే ల్యాప్‌టాప్ సొంత కార్డు మొండికేసినా పని ఆగదు.

ఇక ప్రశ్నలు. జాబితాలోంచి ఎంచుకోవాల్సిన ప్రశ్నలకు జవాబులు అంకెలతో వస్తాయి, అంకె కొట్టి ఎంటర్ నొక్కాలి. విన్నది మళ్లీ వినాలంటే స్పీకప్ మీటలున్నాయి. నంబర్ ప్యాడ్‌లో 8 ఇప్పటి వరస, 7 పై వరస, 9 కింది వరస. ప్యాడ్ లేని ల్యాప్‌టాప్‌లో క్యాప్స్‌లాక్‌తో ఐ, యూ, ఓ. భాష, దేశం, కీబోర్డు, వైఫై, వాడుకరి పేరు, పాస్‌వర్డ్ ఇవన్నీ నిమిషాల మీద అయిపోతాయి. భాషగా ఇంగ్లీషు ఎంచుకోవడం మేలు. ఈస్పీక్‌లో తెలుగు గొంతు ఉంది, సిస్టమ్ సిద్ధమయ్యాక దాన్ని పెట్టుకోవచ్చు.

ఆగి ఆలోచించాల్సింది డిస్కు దగ్గర. జాబితాలో డిస్కు మొత్తాన్ని వాడమనే జవాబులు కూడా ఉంటాయి. వాటిలో ఒకటి ఎంచితే విండోస్, ఫైళ్లు అన్నీ పోతాయి. కావలసింది పెద్ద ఖాళీ చోటును మాత్రమే వాడే జవాబు. అది ఎంచుకున్నాక ఇన్‌స్టాలర్ మొత్తం పట్టికను చదువుతుంది. విండోస్ ఉన్న ఎన్‌టీఎఫ్‌ఎస్ పార్టిషన్ అలాగే ఉందా, కొత్తవన్నీ కలిపితే ఆ 53.7 జీబీ చుట్టుపక్కల వస్తున్నాయా అని వరస వరసగా వినాలి. చివర్లో మార్పులు డిస్కు మీద రాయమంటారా అని అడుగుతుంది. మనం ఏమీ మార్చకుండా ఎంటర్ కొడితే పడే జవాబు వద్దు అనే. అవును అనేదాకా డిస్కులో ఒక్క అక్షరం కూడా మారదు. కాబట్టి సందేహం వస్తే ఆ ప్రశ్న దగ్గర వెనక్కి వెళ్లడంలో నష్టమేమీ లేదు. పట్టికను రెండుసార్లు వినకుండా అవును అనకూడదు.

తర్వాత డెస్క్‌టాప్ ఏది కావాలో అడుగుతుంది. మాటే (MATE) అనే డెస్క్‌టాప్ సరళమైనది, గ్నోమ్ కొత్త తరహాది, రెండిట్లోనూ ఓర్కా నడుస్తుంది. ఇతర సిస్టమ్‌లను వెతకడానికి ఓఎస్-ప్రోబర్ నడపమంటారా అని అడిగితే అవుననాలి. మాటతో ఇన్‌స్టాల్ చేస్తే డెబియన్ కొత్త సిస్టమ్‌లోనూ మాటను ఆన్‌లోనే ఉంచుతుంది కాబట్టి రీస్టార్ట్ అయ్యాక లాగిన్ తెర దగ్గరే గొంతు వినపడుతుంది.

మిగిలేది ఏ సిస్టమ్ లేవాలో అడుగుతూ రోజూ వచ్చే గ్రబ్ మెనూ. దానికీ మాట లేదు. ఊరుకుంటే అయిదు సెకన్లలో లినక్స్ లేస్తుంది. సాధారణంగా కింది బాణం రెండుసార్లు నొక్కి ఎంటర్ కొడితే విండోస్. గ్రబ్ సెట్టింగుల ఫైల్‌లో ఇనిట్ ట్యూన్ అనే వరసను అమల్లోకి తెస్తే, చిన్న స్పీకర్ ఉన్న యంత్రాల్లో మెనూ వచ్చినట్టు ఒక స్వరం పలుకుతుంది. స్పీకర్ లేనివాళ్లు గ్రబ్ డిఫాల్ట్‌ను సేవ్డ్ అని మార్చుకుని, లినక్స్ మాట్లాడుతుండగానే గ్రబ్-రీబూట్ ఆదేశంతో వచ్చేసారి విండోస్ లేవాలని చెప్పి రీస్టార్ట్ చేయవచ్చు. మెనూ దగ్గర ఏ మీటా నొక్కే పని లేదు. విండోస్‌లో గడియారం అయిదున్నర గంటలు వెనక్కి పోతే అది లినక్స్ యంత్రం గడియారాన్ని యూటీసీలో ఉంచడం వల్లే. టైమ్‌డేట్‌సీటీఎల్ ఆదేశంతో స్థానిక సమయానికి మార్చుకోవచ్చు.

ఏదో ఒక దశలో గొంతు రాకపోతే? పవర్ ఆపి, పెన్‌డ్రైవ్ తీసి, మళ్లీ ఆన్ చేస్తే విండోస్, ఎన్‌వీడీఏ ఎప్పటిలాగే పలుకుతాయి. డిస్కు ప్రశ్నకు అవును అనేముందు ఎన్నిసార్లయినా ఇలా వెనక్కి రావచ్చు. మొదటి సిస్టమ్‌ను తీసేయకుండా పక్కన రెండోది పెట్టుకోవాలనేది అందుకే. అక్కడిదాకా వచ్చీ ఒక తెర దగ్గర చిక్కుకుంటే ఫోన్, ఫోన్ చదవలేకపోతే ఇంట్లో మనిషి. చదివించుకున్నంత మాత్రాన పని ఇంకొకరిది అయిపోదు. నిర్ణయమూ మీటా తన చేతిలో ఉన్నంతవరకు అది తను చేసుకున్న పనే. చూపులేని మనిషి ల్యాప్‌టాప్ ముందు కూర్చుని కాస్త ఇది చదివి పెట్టమని పిలిస్తే, తెర మీద ఉన్నది ఉన్నట్టు, పై వరస నుంచి కింది వరస దాకా, ఏ వరస మీద వెలుగుందో కూడా చెబుతూ చదవండి. కీబోర్డు మాత్రం వాళ్ల దగ్గరే ఉండనివ్వండి.