కాల్షియం పట్టే చెయ్యి

మా చంద్రశేఖరపురంలో కాల్షియం మాటెత్తితే ఎముకలూ పళ్లే గుర్తొస్తాయి. ఫ్లోరైడ్ నీళ్లు మనుషుల్ని ఏం చేస్తాయో కనిగిరి వైపు వాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. నేను మెదడులోని కాల్షియం ప్రొటీన్ల మీద పనిచేస్తున్నానంటే, ‘మెదడులో ఎముక లేదు గదరా, దేనికది?’ అంది మా మేనత్త. న్యాయమైన ప్రశ్నే.

నాడీకణం లోపలికంటే బయట కాల్షియం దాదాపు పదివేల రెట్లు ఎక్కువ. సంకేతం రాగానే ద్వారాలు తెరుచుకుని కాస్త లోపలికి దూకుతుంది. ఆ సంగతి పసిగట్టేవే ఈ ప్రొటీన్లు.

అవి కాల్షియాన్ని ఎలా పడతాయో చూడాలంటే, కుడిచేతి చూపుడువేలు చాచి, బొటనవేలు లేపి, నడిమివేలు మడవండి. చాచిన రెండు వేళ్లూ రెండు హెలిక్స్‌లు. మడిచిన వేలు పన్నెండు అమైనో ఆమ్లాల వంపు, కాల్షియం కూర్చునే చోటు. 1973లో రాబర్ట్ క్రెట్సింగర్ కార్ప్ చేప కండరంలోని ప్రొటీన్‌లో దీన్ని చూసి ఈఎఫ్ హ్యాండ్ అన్నాడు. 1970లో మెదడు కణజాలంలో బయటపడిన కాల్మోడ్యులిన్‌కు ఇలాంటి చేతులు నాలుగు.

మా పని ఆ ప్రొటీన్‌ను శుద్ధి చేసి, చుక్కగా వేలాడదీసి, స్ఫటికం కట్టేదాకా కదపకుండా ఉంచడం. సూక్ష్మదర్శిని కింద చుక్క అంచున పలుకు మెరిస్తే ఆ పూటకు అన్నం గుర్తురాదు. ఆపైన ఎక్స్‌కిరణాలు, ఎడతెగని లెక్కలు.

కాల్మోడ్యులిన్ ఆకారం 1985లో ‘నేచర్’లో వచ్చింది. అలబామా బృందం రాసిన ఆ పేపర్లో మొదటి పేరు వై.ఎస్. బాబు. వై అంటే యార్లగడ్డ అని తెలిసినప్పుడు కలిగిన సంబరం శాస్త్రీయమేమీ కాదు, అయినా దాచుకోను. రెండు కొసలా రెండు గుండ్లు, నడుమ నిటారు కడ్డీ: డంబెల్.

అదే పుస్తకాలకెక్కి కూర్చుంది. 1992లో ఇకురా, బాక్స్ బృందం స్ఫటికం జోలికి పోకుండా ద్రావణంలోనే ఎన్ఎంఆర్‌తో చూస్తే, కడ్డీ వంగి, గుండ్లు రెండూ మరో ప్రొటీన్ ముక్క చుట్టూ కమ్ముకున్నాయి. బాబు బొమ్మ తప్పు కాదు, స్ఫటికంలో అది అలాగే ఉంది. పనిలో దిగినప్పుడు అలా ఉండదు, అంతే. జ్ఞాపకానికి అవసరమైన కామ్‌కైనేజ్-2 ఎంజైమ్‌ను లేపేదీ ఇలాంటి పట్టే.

హైదరాబాద్ సీసీఎంబీలో యోగేంద్ర శర్మ బృందం నాడీకణాల్లోని మరో కాల్షియం ప్రొటీన్ ఎన్‌సీఎస్-1 మీద చేసిన పని అందుకే నాకిష్టం. కాల్షియంతో ఆగక, ఆ చోటికి పోటీకొచ్చే మెగ్నీషియాన్నీ లెక్కలోకి తీసుకున్నారు.

కనిగిరి, మార్కాపురం కాలేజీల సైన్సు మాస్టార్లకు ఒక్క మనవి. ప్రొటీన్ డేటా బ్యాంక్‌లో 3సీఎల్ఎన్ (డంబెల్), 2బీబీఎం (కమ్ముకున్న రూపం) రెండూ ఉచితమే. డంబెల్ ఒక్కటే చూపి వదిలేయకండి, రెండూ పక్కపక్కన పెట్టి పిల్లలకు చూపించండి.