చిల్లర దేవుళ్ళు పోయిన తర్వాత

దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్ళు' నవలను పాఠం చెప్పే ప్రతిసారీ నాకొక చిక్కు ఎదురవుతుంది. దొర ఎవరో, కరణం ఎవరో విద్యార్థులకు వివరించగలను. ఆ అధికారం ఇప్పుడెవరి చేతిలో ఉన్నదని అడిగితే, వేలెత్తి చూపడానికి మనిషి కనిపించడు. మన అభ్యుదయ నవల యీ ప్రశ్న దగ్గరే ఆగిపోయిందని నా అభిప్రాయం.

రంగాచార్య గాని, అంతకుముందు వట్టికోట ఆళ్వారుస్వామి గాని గ్రామాధికారాన్ని మనిషి రూపంలో పట్టుకున్నారు. భూమీ, శిస్తు లెక్కా, శిక్షా గడీ నీడలోనే ఉన్న కాలమది. శత్రువుకు ముఖముండేది. 1959 అక్టోబరు 11న షాద్‌నగర్‌లో నెహ్రూ పంచాయతీరాజ్‌ను ప్రారంభించిన తర్వాత కూడా చాలా చోట్ల పాత పెత్తందార్లే కొత్త కుర్చీలెక్కారు. గ్రామం సంకుచితత్వానికి నిలయమని 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో అంబేద్కర్ చేసిన హెచ్చరిక ఊరికే పోలేదు. గ్రామానికి అధికారమన్న మాటను మనవాళ్ళు అనుమానంతో చూడడం సబబే.

ఐతే ఆ అనుమానంతో మనం కూర్చున్నంతలో అధికారం ఊరు దాటిపోయింది. శామీర్‌పేట మండలంలోని దేవరయాంజాల్‌నే చూడండి. 2018లో దాని పంచాయతీ పోయి ఊరు తూంకుంట మున్సిపాలిటీలో కలిసింది. 2025 డిసెంబరులో తూంకుంటతో సహా 27 పురపాలక సంస్థలు హైదరాబాదు మహానగర పాలక సంస్థలో కలిసిపోయాయి. రెండుసార్లూ చెప్పిన కారణం అభివృద్ధే.

మొదటి కలయికలో పోయింది గ్రామసభ. ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి మనిషీ అందులో సభ్యుడే. నాట్లకు పోయే కూలి మనిషి కూడా లేచి లెక్క అడగవచ్చును. (అడిగితే దొరవారసుడు ఊరుకుంటాడా అన్నది వేరే ప్రశ్న, ఆ ప్రశ్న మీద మంచి నవల రావలసి ఉన్నది.) పట్టణంలో వార్డు కమిటీ ఉంటుంది గాని కమిటీ సభ కాదు. రెండో కలయికలో కౌన్సిలే పోయింది. అసలు దాని గడువు 2025 జనవరిలోనే తీరి ప్రత్యేకాధికారి పాలన నడుస్తున్నది. అనగా ఊరు మహానగరంలో కలిసే వేళ, దాని తరఫున చేయెత్తడానికి స్థానికంగా ఎన్నికైన మనిషి ఒక్కడూ లేడు.

ఇందులో నష్టమేమిటనే వారికి భూమిని చూపుతాను. సీతారామచంద్రస్వామి ఆలయానివని చెప్పే 1,500 ఎకరాలకు పైబడిన భూములు యీ ఊళ్ళో ఉన్నాయి. వాటి ఆక్రమణలపై విచారణకు 2021లో ప్రభుత్వం ఐ.ఏ.ఎస్. అధికారుల సంఘాన్ని వేసింది. ఏ చెలక ఎవరు దున్నారో ఎరిగినది ఊరు, తేల్చేది సచివాలయం. కరణం కాగితం ఊళ్ళోనే ఉండేది, తిట్టడానికైనా ఇల్లు తెలిసేది.

రాజ్యాంగ పాఠాన్ని కూడా సాహిత్య విద్యార్థిలాగ చదవాలి. 1992లో చేసిన 73, 74 సవరణలు ఎన్నికలు జరపవలెనన్నాయి, దళితులకూ గిరిజనులకూ స్త్రీలకూ స్థానాలు కేటాయించవలెనన్నాయి. అంబేద్కర్ హెచ్చరికకు కొంత సమాధానమది. కాని అధికారాల దగ్గరకు వచ్చేసరికి క్రియ మారిపోయింది. పంచాయతీకి 29, పట్టణానికి 18 విషయాలు జాబితాలో రాసి, వాటిని రాష్ట్ర శాసనసభ "ఇవ్వవచ్చును" అన్నారు! కేరళ 1996లో ఆ 'వచ్చును'ను 'వలెను'గా చదివి, ప్రణాళికా నిధులలో 35 నుండి 40 శాతం స్థానిక సంస్థలకు మళ్ళించింది. మన ప్రభుత్వాలు, ఏ పార్టీవైనా, 'వచ్చును'ను 'అక్కరలేదు'గా చదివాయి.

తాగునీరు, మురుగుకాలువ ఊరికొక తీరున కట్టుకునేవి కావు, నిజమే. నీటి గొట్టం నగరమంతటికీ ఒకటైతే కావచ్చు, ఊరి చెరువు కట్ట మీద ఏం కట్టాలో కూడా అక్కడే ఎందుకు తేలాలి?

భూముల ధరలు పెరిగిన ఊళ్ళ మీద యీనాడు కథలు బాగానే వస్తున్నాయి. వాటిలో దళారి ఉన్నాడు, అమ్ముకుని చెడిన రైతున్నాడు. నేను చదివినంతలో ఆ ఇద్దరి వెనుక ఉన్న ప్రభుత్వ ఉత్తర్వు మాత్రం ఏ కథలోనూ పాత్ర కాలేదు. దాని మీద సంతకం ఎవరిదో, ఏ బల్ల మీదనుంచి వచ్చిందో వెదికే రచయిత మనకింకా కావాలి.