పళ్లెంలో కొలత

క్యాన్సర్ ముప్పును తగ్గించే అలవాట్ల గురించిన సలహాలు సాధారణంగా నిషేధాల జాబితాతో ఆరంభమవుతాయి. పశ్చిమ ఆస్ట్రేలియాలో 2002లో పుట్టి, ఆ తరువాత దేశమంతటికీ విస్తరించిన ‘గో ఫర్ టూ అండ్ ఫైవ్’ ప్రచారం మాత్రం ఒక కొలతను చేతికిచ్చింది. రోజుకు రెండు వంతుల పండ్లు, ఐదు వంతుల కూరగాయలు తినాలన్నదే దాని సారం. పండ్లలో ఒక వంతు అంటే 150 గ్రాములు, కూరగాయల్లో 75 గ్రాములు, అనగా వండినది సుమారు అర కప్పు. ఆ రాష్ట్రపు పండ్లు, కూరగాయల టోకు మార్కెట్ 1989 నుంచి పెర్త్ దక్షిణ శివారైన కానింగ్ వేల్‌లోనే ఉన్నందున, అక్కడి తెలుగు కుటుంబాలకు సరుకు దొరకడం కష్టం కాదు. చిక్కంతా వడ్డనలో ఉంది.

వండిన పప్పుధాన్యాలను కూడా ఆస్ట్రేలియా ఆహార మార్గదర్శకాలు కూరగాయల వంతుగా లెక్కిస్తాయి కాబట్టి తోటకూర పప్పు, బీరకాయ కూర, చిక్కుడుకాయ వేపుడు వండుకునే ఇంట ఐదు వంతులు అసాధ్యమేమీ కావు. అయితే అన్నాన్ని ప్రధానంగా, కూరను దానికి ఆదరువుగా చూసే పద్ధతిలో ఒక్క గరిటె కూర పళ్లెమంతటి అన్నాన్ని నడిపిస్తుంది. పీచుపదార్థం, అంటే చిన్నపేగులో జీర్ణం కాకుండా పెద్దపేగుకు చేరే వృక్షాంశం, అక్కడే తగ్గిపోతుంది. ఆ పీచును పెద్దపేగులోని సూక్ష్మజీవులు పులియబెట్టినప్పుడు ఏర్పడే బ్యుటిరేట్ అనే పదార్థం పేగు లోపొర కణాలకు ఇంధనమవుతుంది, మలం పేగులో నిలిచే కాలమూ తగ్గుతుంది; పీచు ఎక్కువగా తినేవారిలో పెద్దపేగు క్యాన్సర్ తక్కువగా కనిపించడానికి ఇవి ముఖ్య కారణాలని భావిస్తున్నారు. పసుపు క్యాన్సర్‌ను ఆపుతుందన్న వాట్సాప్ సందేశాలకు మనుషులపై పరిశోధనల్లో ఇంతటి బలం లేదు.

వారాంతపు బార్బెక్యూలో కాలే సాసేజీల సంగతి వేరు. నిల్వ ఉండేలా ఉప్పు, రసాయనాలతో ప్రాసెస్ చేసిన మాంసాన్ని రోజుకు 50 గ్రాములు తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు సుమారు 18 శాతం పెరుగుతుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2015లో ప్రకటించింది. ఇది సాపేక్ష ముప్పు, అనగా అంతకుముందే ఉన్న అవకాశంపై లెక్కగట్టిన పెరుగుదలే తప్ప, తిన్న నూరుమందిలో పద్దెనిమిది మందికి వ్యాధి వస్తుందని కాదు. ఆ సాసేజీల పక్కన ఉండే మద్యం గురించి మాత్రం ఎంత తక్కువైతే అంత మంచిదనడం తప్ప వేరే మాట లేదు.

అలవాటు ఎలా మారుతుందో తెలుసుకోవడానికి శ్రీకాకుళం వైపు చూడవలసి ఉంటుంది. ఉత్తర కోస్తాలో, ముఖ్యంగా స్త్రీలలో, వెలిగించిన కొనను నోటిలో ఉంచుకొని చుట్ట పీల్చే ‘అడ్డపొగ’ అలవాటు ఉండేది. ఆ వేడీ పొగా నేరుగా తగిలి అంగిలి క్యాన్సర్‌కు దారితీసేవి. శ్రీకాకుళంతో పాటు ఎర్నాకుళం, భావనగర్ జిల్లాల్లో 36,000 మందికి పైగా పొగాకు వాడేవారిపై సాగి, 1986లో లాన్సెట్ పత్రికలో వెలువడిన అధ్యయనంలో కార్యకర్తలు ఏటా ఇంటింటికీ వెళ్లి నోరు పరీక్షించి, మానమని చెబుతూ వచ్చారు. ఒక్క ఉపన్యాసం చేయలేని పనిని మళ్లీ మళ్లీ వచ్చి అడగడం చేస్తుంది.

ఆస్ట్రేలియాలో ఆ పనిలో కొంత తపాలా చేస్తున్నది: మలంలో కంటికి కనిపించని రక్తాన్ని పట్టే పరీక్ష కిట్ 50 నుంచి 74 ఏళ్లవారికి రెండేళ్లకొకసారి ఉచితంగా ఇంటికే వస్తుంది. అయితే అది ప్రభుత్వ ఆరోగ్య బీమా అయిన మెడికేర్ ఉన్నవారికే అందుతుంది కాబట్టి, మనవల కోసం సందర్శక వీసాపై కానింగ్ వేల్ వచ్చే అమ్మమ్మ, తాతయ్యలను ఆ పరీక్ష చేయించుకున్నారా అని అడగవలసిన బాధ్యత కూతురిదో కొడుకుదో అవుతుంది.