రెండు పచ్చలు

గదికి రంగు నిర్ణయించుట అల్పకార్యమని తలచువారు ఒకే గోడపై రెండు పచ్చలను పక్కపక్కన పూయించి చూచిరేని, ఆ అభిప్రాయమును మార్చుకొనక తప్పదు. ఏలూరులోని మా ఉత్తరపు గదికి సున్నపు తెలుపు చాలించి పచ్చ వేయింపదలచినప్పుడు, షేడ్ కార్డులో నా మనస్సు రెండింటియందు తగులుకొనెను: ఒకటి తాడేపల్లిగూడెము దారిలో ఆషాఢమున కానవచ్చు నారుమళ్ల లేతపచ్చ, రెండవది కొల్లేటి గుఱ్ఱపుడెక్క ఆకు పచ్చలో ఒకింత బూడిదవన్నె కలిపినట్టిది.

పట్టపగటి వెలుతురులో మానవనేత్రము పసిమి కలిసిన పచ్చకే మిక్కిలిగా స్పందించును గనుక, అంగుళమంత కార్డుపై మొదటిదే నన్నాకర్షించెను. అయితే నాలుగు గోడలకు నొకే రంగు పూసినపుడు, ఒక గోడనుండి మరలిన వెలుతురు ఎదుటి గోడపై పడి, ఆ వర్ణమునే మఱింత వహించి తిరిగివచ్చుటచేత, కార్డుపై సౌమ్యముగా తోచినది గదిలో గాఢమగును. అదియునుగాక, కృష్ణా గోదావరి డెల్టాల నడుమనున్న ఈ సీమలో కిటికీ తెఱచినచో కొబ్బరాకులమీదుగా లోనికి వచ్చు వెలుతురే పచ్చబారియుండును.

"కార్డు చూసి ఖాయం చెయ్యకండి. బారెడు మేర రెండు కోట్లు వేస్తాను, ఆరాక చూడండి" అని మా పెయింటరు చెప్పిన మాట శాస్త్రసమ్మతము, తడిరంగు వేఱు, ఆరిన రంగు వేఱు. పాతగోడ విషయమునను అతడు జాగరూకుడే. ప్రష్యన్ నీలమును పసుపుతో మేళవించి చేసిన పూర్వపు పచ్చలు సున్నపు క్షారమునకు తాళక చెడిపోయెడివి. క్రోమియం ఆక్సైడు పచ్చ అట్లుగాక నిలుచును. కనుక అతడు సున్నమును గీకించి, ప్రైమరు పట్టించిన పిమ్మటనే నమూనాలు వేసెను. ఉదయమున రెండును రమ్యములే. రాత్రి పసుపు దీపము క్రింద నారుమడి పచ్చ తన పచ్చదనము గోల్పోయి పసుపుబారినది. రెండవది తన నెమ్మదిని వీడలేదు. నేను ఆ గదిలో చదువుకొనునది రాత్రివేళనే.

నిత్యము వసించు గదులకు పచ్చ తగునని జర్మను కవి గేథే 1810లో తన వర్ణసిద్ధాంత గ్రంథమున వ్రాసెను. ఏ పచ్చయో తేల్చుకొనుట మాత్రము గృహస్థుని వంతు. వెలుపల పచ్చదనము పుష్కలముగానున్న మావంటి ఊళ్లలో లోపలి పచ్చ ఒక మెట్టు తగ్గియుండుటయే మేలని నా నిర్ణయము, బూడిదపచ్చనే వేయించితిని. రంగు వేయింపబోవు పాఠకులకు నా మనవి యొక్కటే: ముందుగా చిన్న డబ్బా కొని గోడపై పూయించి, ఆ గదిలో మీరధికముగా గడుపు వేళనే దానిని చూచి తీర్పు చెప్పుడు.