నియంత హత్య - నవల ముగింపు

మన పురాణ కథల్లో రాక్షస సంహారంతో కథ తీరిపోతుంది. నరకుడు చచ్చిన మర్నాడు దీపావళి. రావణుడు కూలిన తర్వాత పట్టాభిషేకం. సింహాసనం ఎవరికి దక్కుతుందో వినేవాడికి ముందే తెలుసు. ఈ అలవాటు మనలో ఎంత గట్టిగా పాతుకుపోయిందంటే, ఆధునిక నియంతల కథ చదివేటప్పుడు కూడా మనం సంహార ఘట్టం కోసమే ఎదురుచూస్తాము. అది కాగానే పుస్తకం మూసి నిట్టూరుస్తాము. కాని చరిత్రలో అసలు కథ ఆ మర్నాడే మొదలవుతుంది. సింహాసనం ఖాళీగా వుంటుంది. సైన్యం ఎవరి మాట వింటుందో తెలియదు. భూములూ, మిల్లులూ, ఖజానా ఎవరివో తేలదు. ప్రజలు తలుపుసందుల్లోంచి వీధిలోకి చూస్తూ వుంటారు. ఆ అనిశ్చిత ఘడియను సాహిత్యం ఎట్లా పట్టుకుంటుంది, ఎక్కడ వదిలేస్తుంది? ఈ ప్రశ్నను ఒక ప్రసిద్ధ నవల ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఆ నవల పెరూ రచయిత మారియో వర్గాస్ యోసా 2000లో ప్రచురించిన 'మేకపోతు పండుగ'. మన విద్యార్థులు 'ది ఫీస్ట్ ఆఫ్ ద గోట్' అనే ఇంగ్లీషు అనువాదం ద్వారా దాన్ని ఎరుగుదురు. ఇతివృత్తం కరీబియన్ సముద్రంలోని డొమినికన్ రిపబ్లిక్‌ది. అక్కడ రఫాయెల్ ట్రుహీయో 1930 నుంచి 1961 వరకు దేశాన్ని తన సొంత కమతంలా ఏలాడు. రాజధానికి తన పేరు పెట్టుకున్నాడు. 1937లో సరిహద్దు ప్రాంతాల్లో వేలాది హైతీయులను నరికించాడు. 1960 నవంబరు 25న మిరబల్ అక్కచెల్లెళ్లు ముగ్గురినీ కొట్టి చంపించి, కారు ప్రమాదంగా చూపించాడు. చివరికి 1961 మే 30 రాత్రి, రాజధాని వెలుపలి రహదారి మీద కొందరు అతని కారును వెంబడించి కాల్చి చంపారు.

ట్రుహీయో ఆకాశంలోంచి ఊడిపడినవాడు కాదు. 1916 నుంచి 1924 దాకా ఆ దేశాన్ని ఆక్రమించిన అమెరికన్ సైన్యం ఏర్పరచిన జాతీయ రక్షక దళంలో అతడు శిక్షణ పొందాడు. ఆ దళమే అతని నిచ్చెన. చంపినవారికి తుపాకులు అందించిందీ ఆ చేతులే. మూడు పిస్తోళ్లు, మూడు కార్బైన్ తుపాకులు అమెరికన్ అధికారుల ద్వారా కుట్రదారులకు చేరినట్లు 1975లో అమెరికన్ సెనేట్ విచారణ సంఘమే చెప్పింది. పుట్టించినవారే చావుకూ సాయపడ్డారన్న మాట. తర్వాతి అనిశ్చితి స్వభావం అర్థం కావాలంటే ఈ సంగతి మరువరాదు.

ముందు నవల గుణాలను నిష్పక్షపాతంగా ఒప్పుకోవాలి. రచయిత మూడు పోగులను పేనాడు. ఒకటి, నియంత చివరి రోజు. రెండు, రోడ్డు పక్క కారులో కాచుకుని కూర్చున్న కుట్రదారుల జ్ఞాపకాలు. మూడు, ముప్పై అయిదేళ్ల తర్వాత 1996లో న్యూయార్కు నుంచి తిరిగి వచ్చిన ఉరానియా అనే కల్పిత స్త్రీ కథ. ఆమె తండ్రి ట్రుహీయో కొలువులో సెనేటరు. దొర దయ తప్పినప్పుడు, ఆ దయను తిరిగి సంపాదించుకోవడానికి పద్నాలుగేళ్ల కూతురిని అతనికి అప్పగించినవాడు. నియంతృత్వం కచేరీల్లోనే కాదు, ఇంటి నడవలోకి, తండ్రి మనస్సులోకి ఎట్లా జొరబడుతుందో ఈ పాత్ర చెప్పినంత బలంగా పది రాజకీయ గ్రంథాలు చెప్పలేవు.

అంతకన్నా గొప్పది సేనాధిపతి రోమాన్ ఘట్టం. కుట్ర ప్రకారం, నియంత శవాన్ని కళ్లారా చూడగానే సైన్యాన్ని తన చేతిలోకి తీసుకుని కొత్త ప్రభుత్వాన్ని ప్రకటించవలసినవాడు రోమాన్. చంపవలసినవారు చంపారు. శవాన్ని కారు డిక్కీలో వేసుకుని ఊరంతా వెతికారు. రోమాన్ దొరకలేదు. ఇది చరిత్ర. నవలాకారుడు చేసిందేమంటే, ఆ రాత్రి ఆ మనిషి లోపల ఏం జరిగిందో చూపించడం. ఏ ఆజ్ఞ ఇస్తే చాలునో అతనికి తెలుసు, నోరు పెగలదు. ముప్పై ఏళ్లు ఒకరి కనుసన్నల్లో మెలిగిన దేహం, ఆ కన్ను మూసుకున్న తర్వాత కూడా దానికే జంకుతుంది. చివరికి నియంత కొడుకు రాంఫిస్ చేతుల్లో చిత్రహింసల పాలై చచ్చాడు. భయం అనేది గుణం కాదు, సంస్థ అని ఈ ఘట్టం మనకు నేర్పుతుంది.

ఇక హోవాకీన్ బలగేర్. హత్య నాటికి అతడు పేరుకు మాత్రమే అధ్యక్షుడు. పొట్టివాడు, మృదుభాషి, కవి, సాహిత్య చరిత్రకారుడు. నియంత ఉపన్యాసాలకు అలంకారాలు కూర్చిన చేయి అది. నియంత పోయిన గంటల్లోనే ఈ మెత్తని మనిషి కొడుకును బుజ్జగిస్తూ, అమెరికన్ కాన్సల్‌కు మాట ఇస్తూ, ప్రతిపక్షానికి ఆశ చూపిస్తూ, అందరికీ తానే దిక్కు అనిపించుకుంటాడు. బాల్జాక్ రాజభక్తుడైనా అతని వాస్తవికత తన వర్గాభిమానాలకు ఎదురుగా సాక్ష్యం చెప్పిందని ఏంగెల్స్ ఒక ఉత్తరంలో గుర్తించిన సంగతి మన విమర్శలో సుపరిచితమే. వర్గాస్ యోసా 1990లో పెరూ అధ్యక్ష పదవికి మార్కెట్ స్వేచ్ఛ పేరుతో పోటీ చేసి ఓడినవాడు; వామపక్షానికి బద్ధవిరోధి. అయినా అతని కలం బలగేర్ పాత్రలో ఒక నిజాన్ని దాచలేకపోయింది: నియంత చస్తాడు, యంత్రం చేతులు మారుతుంది.

గుణాలు ఇంతవరకు. ఇక నా అభ్యంతరం చెబుతాను. నవల ఆ అనిశ్చితిని ఆరేడుగురు మగవాళ్ల మధ్య జరిగిన చదరంగంగా చూస్తుంది. ఎవరు ముందు ఎత్తు వేశారు, ఎవరు జంకారు, ఎవరు మాట మార్చారు - ఇదే రాజకీయం. చివరి పుటల్లో, ఆరు నెలలు ఇరుకు గదుల్లో దాక్కున్న కుట్రదారులు వెలుగులోకి వస్తారు. చరిత్ర పోగు అక్కడ తెగిపోతుంది. పాఠకుడికి మిగిలే భావం ఏమిటి? నేర్పరి గెలిచాడు, అమాయకులు చచ్చారు, ప్రజలు చూస్తూ వూరుకున్నారు అని.

ప్రజలు చూస్తూ వూరుకున్నారా? 1961 నవంబరులో, దేశం విడిచి పోబోతూ రాంఫిస్ జైల్లో వున్న కుట్రదారులను చంపించాడు. అదే సమయంలో నియంత తమ్ముళ్లు గద్దె కోసం తిరిగి వచ్చారు. అమెరికన్ యుద్ధనౌకలు తీరాన కనిపించాయి, వైమానిక దళం తిరగబడింది, ఆ కుటుంబం పరారైంది. ఇది పై అంతస్తులో జరిగిన కథ. కింది అంతస్తులో అప్పుడే దేశవ్యాప్తమైన సమ్మె లేచింది. దుకాణాలు, కార్ఖానాలు మూసుకుని, బలగేర్ కూడా దిగిపోవాలని పదకొండు రోజులు జనం పట్టుబట్టారు. 1962 జనవరిలో బలగేర్ దిగిపోక తప్పలేదు. ఆ యేడు డిసెంబరు 20న జరిగిన ఎన్నికల్లో అరవై శాతానికి దగ్గరగా ఓట్లు వేసి, ఇరవై యేళ్లకు పైగా ప్రవాసంలో బ్రతికిన హువాన్ బోష్‌ను అధ్యక్షునిగా ఎన్నుకున్నారు. మూడు దశాబ్దాలు నోరు మూసుకుని వున్న జనం ఏణ్ణర్థంలో చేసిన పని ఇది.

ఇక్కడ మన సాహిత్య విద్యార్థులు ఆగి చూడవలసిన సంగతి ఒకటి వున్నది. బలగేర్ కవి అయితే, బోష్ కథకుడు. స్పానిష్ అమెరికాలో కథానిక మర్మం తెలిసిన పెద్దల్లో ఒకడు. అతని కథ ఒకటి 'లోస్ ఆమోస్', అనగా 'యజమానులు'. మలేరియాతో వణుకుతున్న క్రిస్తీనో అనే పాలేరును దోన్ పీయో అనే ఆసామి అర పెసో చేతిలో పెట్టి పనిలోంచి పంపేస్తాడు. అంతలో దూరాన ఈనిన ఆవు కనిపిస్తుంది. దాన్ని తోలుకు రమ్మంటాడు. జ్వరంతోనే క్రిస్తీనో బయలుదేరుతాడు. అరుగు మీద నుంచి చూస్తున్న ఆసామీ, అతని భార్యా ఇట్లాంటివాళ్లకు మేలు చేసి లాభం లేదని చెప్పుకుంటారు. కథ అంతే. అందులో నియంత లేడు, పోలీసు లేడు, తుపాకి లేదు. కాని ట్రుహీయో ఎక్కడ నుంచి వచ్చాడో ఆ అర పెసోలో వున్నది. దోన్ పీయో అరుగు మీద కూర్చుని వున్నంత కాలం రాజధానిలో ఎవరో ఒక ట్రుహీయో అవసరం పడుతూనే వుంటాడు. వర్గాస్ యోసా నాలుగు వందల పుటలకు పైగా చూపలేకపోయిన మూలాన్ని బోష్ నాలుగైదు పుటల్లో చూపాడు.

కథలో చూసినదాన్ని బోష్ అధికారంలో సరిదిద్దబోయాడు. 1963 ఏప్రిల్‌లో వచ్చిన రాజ్యాంగం భూకామందుల విస్తారమైన కమతాలను నిషేధించింది, కార్మికుల హక్కులను గుర్తించింది. ఆసాములూ, వర్తకులూ, సైనికాధికారులూ, మతాధికారులూ ఒక్క గొంతుతో 'కమ్యూనిస్టు' అన్నారు. బోష్ కమ్యూనిస్టు కాడని అందరికీ తెలుసు. సెప్టెంబరు 25న, ఏడు నెలలకే, సైన్యం అతన్ని గద్దె దించింది. ఆ దేశంలో మంచి ప్రజాస్వామ్యం రావచ్చు, ట్రుహీయో తరహా పాలన సాగవచ్చు, లేదా మరొక క్యూబా కావచ్చు. మూడోది రాదని ఖాయమయ్యేదాకా రెండోదాన్ని వదులుకోలేమని కెనెడీ తన వారితో అన్నట్లు ఆయన సహచరుడు ష్లెసింగర్ రాసిపెట్టాడు. ఆ లెక్క ఎట్లా పనిచేసిందో తర్వాతి సంవత్సరాలు చూపించాయి.

1965 ఏప్రిల్ 24న బోష్ రాజ్యాంగాన్ని తిరిగి నిలపాలని సైన్యంలోనే ఒక భాగం తిరగబడింది. కర్నల్ కామాన్యో నాయకత్వంలో, రాజధాని పేటల్లోని జనం ఆయుధాలు పట్టారు. గెలుపు చేతికి అందుతున్న వేళ, ఏప్రిల్ 28న, అమెరికన్ నావికాదళ సైనికులు దిగారు. కొద్ది రోజుల్లో ఆ బలగం ఇరవై వేలు దాటింది. వారి అండతో తిరుగుబాటుకు ఎదురు నిలిపిన ప్రభుత్వానికి అధినేత ఎవరు? ఆంతోనియో ఇంబెర్ట్! 1961 మే 30 రాత్రి ట్రుహీయోపై కాల్పులు జరిపినవారిలో ఒకడు. 'మేకపోతు పండుగ'లో మనం ఊపిరి బిగబట్టి ఎవరి ప్రాణం కోసం ఆరాటపడ్డామో ఆ ఇంబెర్ట్. నియంతను చంపిన చేయి నాలుగేళ్లకే ప్రజల రాజ్యాంగానికి అడ్డం పడింది. అతన్ని ద్రోహి అని తిట్టి తప్పుకుంటే లాభం లేదు. నియంత మీద పగ వుండడం వేరు, నియంతృత్వాన్ని నిలబెట్టే ఆస్తి సంబంధాల మీద పగ వుండడం వేరు. కుట్రదారుల్లో చాలామంది ఆ పాలనలో పెరిగినవారే, అన్నదమ్ములను, ఆత్మగౌరవాన్ని పోగొట్టుకున్నవారే. వారి సాహసం నిజమైనది. వారి కార్యక్రమం ఆ కారు దగ్గరే ఆగిపోయింది.

నవల చరిత్ర గ్రంథం కాదు, ఎక్కడ ఆపాలో రచయిత ఇష్టం అని మిత్రులు అనవచ్చు. సరే, ఒప్పుకుందాం. కాని ఈ రచయిత ఆపలేదు, దూకాడు. ఉరానియాను 1996లో తిరిగి రప్పించాడు. 1961కీ 1996కీ మధ్య దూకిన ఆ గంతు కింద 1963, 1965 పడి నలిగిపోయాయి. వాటికి కథలో ఘట్టంగా చోటు లేదు. ఉరానియా గాయం నిజమే, అది మానలేదు. అయితే ఒక్క స్త్రీ మానని గాయమే దేశమంతటి శేషంగా మిగిలినప్పుడు, పోరాడి ఓడినవారి గాయం పాఠకుడి కంటికి ఆనదు. జాక్ వియో రెనో అనే ఇరవై మూడేళ్ల కవి 1965 పోరాటంలో రాజ్యాంగవాదుల పక్షాన ప్రాణం విడిచాడు. అతడు పుట్టింది హైతీలో. 1937లో హైతీయులను నరికిన దేశపు రాజ్యాంగం కోసం ఒక హైతీయ యువకుడు చనిపోవడం కన్నా నియంతృత్వానికి పెద్ద ఓటమి ఏముంటుంది? అట్లాంటి ఓటమిని చూడగల కన్ను ఈ నవలకు లేదు.

1966లో అమెరికన్ సైన్యాల నీడన జరిగిన ఎన్నికల్లో బలగేర్ తిరిగి గద్దె ఎక్కాడు. 1978 దాకా ఒక విడత, 1986 నుంచి 1996 దాకా మరొక విడత ఏలాడు. ఉరానియా తిరిగి వచ్చిన ఏడాదే దాదాపు తొంభై యేళ్ల వయసులో, చూపు పోయి, కుర్చీ దిగాడు. 1988లో అతడు ట్రుహీయో యుగపు ఆస్థానీకుడిగా తన జ్ఞాపకాలు ప్రచురించాడు. అందులో ఒక పుట ఖాళీగా వదిలాడు. 1975లో, తన పాలనలోనే, ఓర్లాందో మార్తీనెస్ అనే వామపక్ష పత్రికా రచయిత హత్యకు గురయ్యాడు. చంపించినదెవరో తనకు తెలుసునన్నట్లుగా, తన మరణానంతరం ఎవరో ఆ పుట నింపుతారని రాశాడు. 2002లో చనిపోయాడు, ఆ పుట నింపి పోలేదు.

విమర్శకునిగా నా కళ్లు ఆ తెల్లకాగితం దగ్గరే నిలిచిపోతాయి. బలగేర్ తెలిసి వదిలిన ఖాళీ అది. వర్గాస్ యోసా నవలలో కూడా ఒక ఖాళీ వున్నది. అది తెలియక వదిలినది కావచ్చు. మొదటి ఖాళీలో ఒక హంతకుని పేరు లేదు. రెండవ ఖాళీలో ఒక ప్రజ పేరు లేదు. నవల చదవవద్దని నేను అనను. రెండుసార్లు చదవమంటాను, ఒకసారి దాని శిల్పం కోసం, మరొకసారి ఆ 1961కీ 1996కీ నడుమ వేలు పెట్టి, ఇక్కడ ఎవరున్నారని అడగడం కోసం. ఆ వెంటనే బోష్ కథ చదవండి. అర పెసో పుచ్చుకుని జ్వరంతో పొలానికి అడ్డంపడి పోతున్న క్రిస్తీనో అక్కడ కనిపిస్తాడు. నియంత చచ్చిన మర్నాడు తలుపుసందులోంచి వీధిలోకి చూస్తున్నది అతడే.